తమిళనాడు సరిహద్దు ఊరు నగరిలో మా పిల్లాడు డిక్టేషన్‌లో ‘గాలి’ని ‘కాలి’ అని ఎందుకు రాస్తాడు?

అజాగ్రత్త కాదండీ, చెవి అలవాటు. తమిళంలో క, గ లకు ఒకటే అక్షరం. మాట మొదట్లో మామూలుగా ‘క’ అనే పలుకుతారు. ఇంట్లో తమిళం వింటూ పెరిగిన చెవికి రెండూ ఒకటే. వినపడని తేడాని చెయ్యి ఎలా రాస్తుంది? యాభైసార్లు రాయించడం దండగ.

కాలి–గాలి, పడి–బడి, టబ్బు–డబ్బు లాంటి జంటలు తీసుకోండి. నోరు కనబడకుండా ఒక మాట అనండి, వాడు పలకమీద అక్షరం చూపించాలి. తప్పో ఒప్పో అప్పటికప్పుడే చెప్పాలి, సాయంత్రం దిద్దితే లాభం లేదు. రోజూ ఐదు నిమిషాలు చాలు. తెలుగు స్పష్టంగా పలికే ఇద్దరు ముగ్గురు మార్చి మార్చి అనాలి: జపాన్ వాళ్ళకు ఇంగ్లీషు ర, ల తేడా నేర్పిన 1990ల ప్రయోగాల్లో, ఒకే గొంతుతో నేర్చుకున్నది కొత్త గొంతు దగ్గర పెద్దగా పనికిరాలేదు. ఖ, ఘ ఇప్పుడే కలపకండి. వాటిని మనవాళ్ళే సరిగా పలకరు.