‘శిక్ష రద్దు’ అంటే విడుదలేనా?

సందేహం: “దోపిడి కేసులో శిక్ష రద్దు” అని పేపర్లో చూసి ముద్దాయి బయటపడ్డాడనుకున్నాను. లోపల చదివితే హైకోర్టు ఏడేళ్ళ జైలును మూడేళ్ళకు తగ్గించిందని ఉంది. ఆ శీర్షిక తప్పు కాదా? దోపిడి, దొంగతనం ఒకటేనా?

సమాధానం: తప్పే. “శిక్ష తగ్గింపు” అనాల్సింది. మనం మాట్లాడేటప్పుడు “శిక్ష పడింది” అన్న ఒక్క మాటలో రెండు సంగతులు కలిపేస్తాం. నేరం చేశాడని కోర్టు తేల్చడం నేర నిర్ధారణ. దానికి ఎన్నేళ్ళు జైలో చెప్పడం శిక్ష. మొదటిదాని జోలికి పోకుండా రెండోదాన్ని మాత్రమే మార్చే అధికారం అప్పీలు కోర్టుకు ఉందని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడు 386వ సెక్షనులోనే ఉండేది; 2024 జులై 1న దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 427లోనూ ఉంది.

దోపిడి కేసే చూడండి. పాత ఐపీసీ (భారత శిక్షాస్మృతి) 392వ సెక్షను ప్రకారం పదేళ్ళ వరకు కఠిన కారాగారం వేయవచ్చు, కనీసం ఇంత అని లేదు. మారణాయుధం వాడితే మాత్రం 397 వల్ల ఏడేళ్ళకు తగ్గకూడదు. ఇద్దరు కలిసి దోచుకున్నారు, కత్తి ఒకడి దగ్గరే ఉంది అనుకుందాం. కింది కోర్టు 397 చూపి ఇద్దరికీ ఏడేళ్ళు వేస్తే, రెండోవాడి విషయంలో అది పొరపాటు. ఆ సెక్షనులో “నేరస్థుడు” అంటే ఆయుధం వాడినవాడేనని 1975లో ఢిల్లీ పెట్రోలు బంకు దోపిడి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పీలులో రెండోవాడి జైలు తగ్గవచ్చు, దోషి అన్న తీర్పు మాత్రం అలాగే ఉంటుంది. (2024 జులై 1 నుంచి జరిగిన నేరాలకు ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత 309, 311 సెక్షన్లు చూడాలి.)

సుప్రీంకోర్టు 1975 తీర్పులోనే “వాడటం” గురించి కూడా ఉంది. పొడవక్కర్లేదు, ఎదుటివాడు భయపడేలా కత్తి కనబడనిచ్చినా వాడినట్టే. తెలుగులో “కత్తి వాడాడు” అంటే పొడిచాడనే వినిపిస్తుంది. అందుకే “కత్తి చూపి బెదిరించాడు” అని రాసే విలేకరులను మెచ్చుకుంటాను.

“కొట్టివేత” దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. “కేసు కొట్టేశారు” అంటే ముద్దాయి గెలిచాడు. అతని “అప్పీలు కొట్టేశారు” అంటే ఓడిపోయాడు. శీర్షికలో చోటు లేదని ముందున్న మాట తీసేస్తే అర్థం తలకిందులవుతుంది.

ఇక దోపిడి, దొంగతనం ఒకటి కావు. కొట్టిగానీ, అడ్డగించిగానీ, అప్పటికప్పుడు చంపుతామనో, కొడతామనో, అడ్డగిస్తామనో భయపెట్టిగానీ సొత్తు తీసుకుపోతేనే చట్టంలో దోపిడి. దొంగిలించిన సొత్తుతో పారిపోతూ, అది దక్కించుకోవడానికి అడ్డొచ్చినవాణ్ణి కొట్టినా దోపిడే. ఐదుగురు, అంతకు మించి కలిసి చేస్తే బందిపోటు. ఊరెళ్ళినవాళ్ళ ఇంటి తాళం పగలగొట్టి బంగారం పట్టుకుపోతే “ఇల్లు దోచేశారు” అని మనం గోలపెట్టడం సహజమే, కానీ ఆ ఇంట్లో బెదిరించడానికి మనిషే లేడు కాబట్టి వార్తలో దొంగతనం అనే రాయాలి.