పాత మాస్సీకి దుంగలు చీల్చే మిషన్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అయ్యా, మాది వజ్రపుకొత్తూరు మండలం. మా నాన్న కొన్న మాస్సీ ఫెర్గూసన్ 1035 ఇప్పటికీ ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది, 35 హార్స్‌పవర్. దుక్కికి కొత్త బండి ఉంది కాబట్టి దీన్ని కట్టెల పనిలో పెడదామని ఆలోచన. ముసలి జీడిచెట్లు తీసేసిన తోటల నుంచి మొద్దులు వస్తున్నాయి, సరుగుడు కూడా ఉంది. తుక్కు కొట్టులో పాత జేసీబీ సిలిండర్ దొరికింది. లోపలి వ్యాసం 100 మిల్లీమీటర్లు, రాడ్డు 50, సుమారు రెండడుగులు చాచుకుంటుంది. ట్రాలీ లేపే ఆయిల్ పైపునే దీనికి తగిలించేయొచ్చు అంటున్నాడు మెకానిక్. నిజమేనా?

జవాబు: తగిలిస్తే ఆడుతుంది, మీ మెకానిక్ చెప్పింది అబద్ధం కాదు. అయినా నన్నడిగితే వద్దంటాను.

ట్రాలీ రోజు మొత్తంలో ఎన్నిసార్లు లేస్తుంది చెప్పండి? లేచినప్పుడు పంపు కాసేపు కష్టపడుతుంది, దిగేటప్పుడు ట్రాలీ తన బరువుకే దిగిపోతుంది. దుంగల మిషన్ పొద్దున్న మొదలుపెడితే మధ్యాహ్నం దాకా ముందుకీ వెనక్కీ ఆడుతూనే ఉంటుంది, రెండు వైపులా ఆయిల్ తోయాల్సిందే. మీ 1035లో లిఫ్ట్ పంపు సీటు కింద హౌసింగ్ లోపల ఆయిల్‌లో మునిగి ఉంటుంది. నాలుగు పిస్టన్ల పంపు అది, పీటీవో షాఫ్టే (ఇంజిన్ బలాన్ని బయటి మిషన్లకు అందించే, బండి వెనక తిరిగే షాఫ్టు) దాన్ని తిప్పుతుంది. నాగలిని లేపడానికి, దించడానికి, లోతు పట్టి ఉంచడానికి చేసిన ఏర్పాటు. కావలసినంత ఆయిల్ పీల్చుకుని, నాగలిని మోసే లిఫ్ట్ చేతులు పైకి వచ్చేశాక పీల్చడం మానేస్తుంది. అలాంటిదాన్ని గంటల తరబడి ఆపకుండా తోడిస్తే అరుగుతుంది. అరిగితే లిఫ్ట్ కవర్ మొత్తం విప్పితే తప్ప పంపు చేతికి రాదు.

అంతకన్నా నాకు భయం ఆయిల్ గురించి. ఈ బండిలో లిఫ్ట్‌కీ గేర్లకీ వెనక యాక్సిల్‌కీ ఉన్నది ఒకే ఆయిల్. మీ సిలిండర్ పూర్తిగా చాచుకుంటే దాని లోపలే 4.7 లీటర్లు ఉండిపోతుంది, పైపుల్లోది అదనం, అంతమేరకు గేర్ల దగ్గర మట్టం పడిపోతుంది. దాన్నైతే పైన పోసుకోవచ్చు. కానీ తుక్కు కొట్టులో ఎన్ని వానలకు తడిసిందో తెలియని సిలిండర్‌లోని తుప్పు, నీళ్లు, సీళ్ల ముక్కలు మీ నాన్నగారు ఇన్నేళ్లు కాపాడుకొచ్చిన గేర్‌బాక్స్‌లోకి నేరుగా వెళ్లిపోతాయి. ఏ ఫిల్టర్ పెట్టినా నా మనసు ఒప్పదు.

ఇక వేగం. ఆ పంపు నిమిషానికి సుమారు 15 లీటర్లు ఇస్తుందనుకుంటే సిలిండర్ ముందుకు వెళ్లడానికి 19 సెకన్లు, వెనక్కి రావడానికి 14. ఒక్కో దెబ్బకు అర నిమిషం పైనే. చేయి తిరిగిన మనిషి గొడ్డలితో సరుగుడు దుంగను అంతకన్నా ముందే కొట్టేస్తాడు.

అందుకే పీటీవోకి వేరే పంపు, వేరే ట్యాంకు పెట్టుకోండి. పీటీవో తిరిగేది నిమిషానికి 540 చుట్లు, మామూలు గేరు పంపుకి అది చాలదు, కాబట్టి మధ్యలో ఒకటికి మూడు పెంచే గేర్‌బాక్స్ కావాలి. 20 సీసీ పంపు, అంటే ఒక్కో చుట్టుకి 20 సీసీల ఆయిల్ తోసేది తీసుకుంటే 1620 చుట్ల దగ్గర కాస్త లీకు పోను నిమిషానికి 30 లీటర్ల దాకా వస్తుంది. ముందుకు తొమ్మిది, తొమ్మిదిన్నర సెకన్లు, వెనక్కి ఏడు. ఆయిల్ ఒత్తిడి 170 బార్ దగ్గర ఉన్నప్పుడు దీనికి కావలసిన శక్తి నష్టాలతో కలిపి 14 హార్స్‌పవర్ లోపే, అంటే మీ బండి సగం శక్తి కూడా వాడదు. జీడి మొద్దులకైతే యాక్సిలరేటర్ ఇంకాస్త తగ్గించి నడపండి, డీజిల్ మిగులుతుంది.

పంపు కొనేటప్పుడు తిరిగే వైపు చూసుకోండి, ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. వెనక నిలబడి చూస్తే పీటీవో గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది, ఒక జత గేర్ల గేర్‌బాక్స్ దాటాక తిరుగుడు మారిపోతుంది. పంపు మీద బాణం గుర్తు ఉంటుంది. ఉల్టా తిప్పితే షాఫ్ట్ సీలు లేచిపోతుంది. గేర్‌బాక్స్‌ని పీటీవో మీదే కూర్చోబెడితే దాన్ని బండి బాడీకి చైన్‌తో గట్టిగా కట్టాలి, లేదంటే గేర్‌బాక్సే గిర్రున తిరిగి హోస్ పైపులన్నీ చుట్టేసుకుంటుంది.

100 మిల్లీమీటర్ల సిలిండర్ 170 బార్ దగ్గర పదమూడున్నర టన్నుల బలంతో తోస్తుంది. సరుగుడుకీ జీడికీ మామిడికీ ఇది ధారాళం. ఇంకా లావు సిలిండర్ వెతుక్కోవద్దు, లావు పెరిగితే బలం పెరుగుతుంది గానీ అదే పంపుతో వేగం చచ్చిపోతుంది. చింత మొద్దు ఒక్కటే మొండికేస్తుంది, దాని నార మెలితిరిగి ఉంటుంది కాబట్టి నడిమికి పెట్టకుండా అంచుల నుంచి పేళ్లు పేళ్లుగా తీసుకుంటూ రండి.

ఫ్రేముకి 150 మిల్లీమీటర్ల ఎత్తున్న ఐ బీమ్ చాలని వెల్డర్ అంటే ఒప్పుకోవద్దు. తోపు బీమ్ మీద కాకుండా దాని పైన జానెడు ఎత్తులో పడుతుంది, ఆ వంపుడు బలానికి 150 బీమ్ వంగే హద్దు దాకా వెళ్లిపోతుంది. 200 బీమ్ తీసుకోండి. మరో మాట, సిలిండర్ వెనక్కి వచ్చేటప్పుడు రాడ్డు వైపు 30 లీటర్లు వెళ్తే అవతలి వైపు నుంచి 40 లీటర్లు బయటికి వస్తుంది. రిటర్న్ పైపు, వాల్వు ఆ 40కి తగ్గట్టు ఉండాలి, ముప్పావు అంగుళానికి తగ్గకూడదు. పంపుకి ఆయిల్ అందించే పైపు అంగుళం, వీలైతే అంగుళంపావు. ప్రెజర్ వైపు అర అంగుళం స్టీలు అల్లిక హోస్ చాలు. రిలీఫ్ వాల్వు (ఒత్తిడి మితిమీరితే ఆయిల్‌ని ట్యాంకులోకి వదిలేసేది), ప్రెజర్ గేజ్ లేకుండా స్టార్ట్ చేయనే వద్దు.

తిత్లీ తుఫాను 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కూలిన జీడిచెట్లు మీకు గుర్తుండే ఉంటాయి. రంపాలు దొరికినా మొద్దులు చీల్చే దిక్కులేక ఎంత కలప గట్ల మీదే చివికిపోయిందో. నాలుగు ఊళ్లకు ఇలాంటి మిషన్ ఒక్కటి ఉండాలని నేను గట్టిగా అనుకునేది అందుకే. మీరు ధైర్యంగా చేయండి, పద్ధతిగా చేయండి.

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర పల్లె. మీరు చెప్పినట్టే వేరే పంపు, ట్యాంకు పెట్టుకున్నాం. పొద్దున్న బాగా నడుస్తుంది, గంట తర్వాత నెమ్మదిస్తుంది, పంపు కీచుమంటుంది, ట్యాంకు మూత తీస్తే ఆయిల్ తెల్లగా కనిపిస్తోంది. పంపు పోయినట్టేనా?

జవాబు: కంగారుపడి పంపు మార్చకండి. ముందు ఆ ఆయిల్‌ని గాజు సీసాలో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున్నకి తేటగా మారితే అది నురగ, అంటే గాలి. అలాగే మజ్జిగలా ఉండిపోతే నీళ్లు చేరాయి. నీళ్లయితే ఆయిల్ మొత్తం మార్చి, ట్యాంకు ఊపిరి మూతలోకి వాన పోకుండా చూసుకోవాలి.

గాలి అయితే, కీచుశబ్దం కూడా ఉందంటున్నారు కాబట్టి నా అనుమానం అదే, పంపుకి ఆయిల్ వెళ్లే వైపు వెతకండి. క్లిప్పు వదులైనా, పైపు లోపలి పొర ఊడి ముడుచుకుపోయినా, ఆయిల్ వడకట్టే జాలీ మూసుకుపోయినా పంపు గాలి పీలుస్తుంది. అక్కడ ఆయిల్ బయటికి కారదు, గాలే లోపలికి వెళ్తుంది, అందుకే కంటికి ఏ లీకూ కనపడదు. పంపు నడుస్తుండగా ఆ జాయింట్ల మీద కాస్త ఆయిల్ పోయండి, ఎక్కడ పోసినప్పుడు కీచు ఆగితే లోపం అక్కడే. అలాగే రిటర్న్ పైపు కొస ట్యాంకులో ఆయిల్ మట్టానికి కింద ఉండాలి, పైనుంచి ధారగా పడితే నురగ రాకేం చేస్తుంది.

ట్యాంకు ఎంతదో రాయలేదు. ఇరవై లీటర్ల డబ్బాతో నడుపుతుంటే మన ఎండలకు ఆయిల్ పల్చబడి నెమ్మదించడం మామూలే. 40 లీటర్లకు తగ్గకుండా, 68 గ్రేడు హైడ్రాలిక్ ఆయిల్ పోసి చూడండి. ట్యాంకు పక్కన అరచెయ్యి ఆనించి ఉంచలేనంత వేడెక్కితే పని ఆపండి.

ప్రశ్న: నరసన్నపేట నుంచి రాస్తున్నాను. దుంగ నేను పెడతాను, లివర్ మా బావమరిది లాగుతాడు. పని తొందరగా అవుతుంది. ఇంట్లోవాళ్లు మాత్రం ప్రమాదమంటున్నారు.

జవాబు: ఇంట్లోవాళ్ల మాట వినండి. దుంగ పెట్టిన చేయే లివర్ లాగాలి. ఇద్దరైతే ఒకరు "ఊ" అన్నది ఇంకొకరికి వేరేగా వినిపిస్తుంది, ట్రాక్టర్ చప్పుడులో మరీను. వేళ్లు దుంగకీ వెడ్జికీ (దుంగను చీల్చే ఇనుప చీలకీ) మధ్య ఉండగా లివర్ కదిలితే ఆ పదమూడు టన్నులు ఎవరి మాటా వినవు. బావమరిది మొద్దులు అందించాలి, చీలిన పేళ్లు పేర్చాలి, మిషన్ ఆడుతున్నంతసేపూ దూరంగా ఉండాలి. లివర్ కూడా వదిలేయగానే ఆగిపోయేదే పెట్టుకోండి. వెనక్కి వచ్చేటప్పుడు తనంత తాను నిలిచే లివర్ పర్వాలేదు, ముందుకు వెళ్లేటప్పుడు మాత్రం వద్దు. పీటీవో షాఫ్టుకి గొట్టం మూత లేకపోతే లుంగీతో, మెడలో తువ్వాలుతో అటు పోనే పోవద్దు.

మీరు అడగని సంగతి ఒకటి చెప్పాలి. హోస్ మీద సూది మొన అంత బెజ్జం పడితే ఆయిల్ పొగలా చిమ్ముతుంది, ఒక్కోసారి కనపడదు కూడా. ఎక్కడ కారుతోందో అని చెయ్యి పెట్టి తడమకండి. ఆ ఒత్తిడికి ఆయిల్ చర్మం చీల్చుకుని లోపలికి వెళ్తుంది, గ్లవ్స్ కూడా ఆపలేవు. పైకి చీమ కుట్టినంత గుర్తే, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండదు, లోపల మాత్రం కండ చచ్చిపోతూ ఉంటుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. ఒకవేళ చేతిలోకి వెళ్లిందనిపిస్తే పసుపు అద్దుకుని, కట్టు కట్టుకుని ఊరుకోకండి. ఆ గంటలోనే శ్రీకాకుళం రిమ్స్‌కో విశాఖ కేజీహెచ్‌కో బయల్దేరి, "ప్రెజర్‌తో ఆయిల్ లోపలికి వెళ్లింది" అని ఆ మాటే డాక్టరుకి చెప్పండి. ఆపరేషన్ ఆలస్యమైతే వేలు పోతుంది, ఒక్కోసారి చెయ్యే పోతుంది.

ప్రశ్న: సరుగుడు పచ్చిగా ఉండగా చీల్చాలా, ఎండాకా? (చీపురుపల్లి)

జవాబు: పచ్చిగానే. ఎండితే సరుగుడు రాయిలా బిగుసుకుంటుంది, మిషన్‌కీ భారమే. చీల్చిన పేళ్లు గుండు దుంగకన్నా చాలా తొందరగా ఆరతాయి కూడా. అడుగున్నర పొడవు కోసి, కోత తిన్నగా ఉండేలా చూసుకోండి, ఏటవాలుగా కోసిన మొద్దు తోపు పడగానే పక్కకి ఎగురుతుంది. పాత కంచెల నుంచి వచ్చిన మొద్దులైతే మేకులు, తీగ ముక్కలు ఉన్నాయేమో ముందే చూసి పీకేయండి. వానలు మొదలయ్యేలోపు చీల్చేసి, కింద రెండు గుంజలు వేసి గాలి ఆడేలా పేర్చుకుంటే చాలు.