వాన లేకుండా వాగు పొంగింది, ఎందుకు? – సమాధానం

కారణం ఎండే. జులైలో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్‌లో పొద్దున మోకాలి లోతున్న వాగు, సాయంత్రం మీరు తిరిగొచ్చేసరికి నడుము దాకా వచ్చిందని ప్రశ్నలో అన్నారు. చంద్రా నదిలో కలిసే అలాంటి వాగుల్లో ఎక్కువగా పారేది హిమానీనదాల (గ్లేసియర్ల) కరుగునీరే. ఎండ ముదిరేకొద్దీ పొంగుతాయి, రాత్రి చలికి తగ్గుతాయి.

1. తెల్లవారగానే దాటండి.

2. చాలామంది వదిలేసేది ఇది: హిమానీనదం నుంచి మీరు దాటే చోటు ఎంత దూరమో మ్యాప్‌లో చూడండి. దగ్గరైతే మధ్యాహ్నమే ఉధృతి. కిందికి వచ్చేకొద్దీ ఆ నీరు చేరడానికి గంటలు పడుతుంది, చీకటి పడ్డాక కూడా పెరగొచ్చు. "చల్లబడింది కదా, తగ్గే ఉంటుంది" అనుకుని దిగేది సరిగ్గా అప్పుడే.

3. రాత్రంతా మబ్బు పట్టి వెచ్చగా ఉంటే పొద్దునకి పెద్దగా తగ్గదు. ఆ రోజు ఆగిపోండి.

4. నీళ్లు బూడిద రంగులో ఉంటే (హిమానీనదం అరగదీసిన రాతిపొడి అది) అడుగు కనిపించదు. కర్రతో లోతు చూడండి. లోపల రాళ్లు దొర్లే చప్పుడు వినిపిస్తే మాత్రం అసలు దిగొద్దు.

తేదీలు మార్చుకోగలిగితే సెప్టెంబరు రెండో సగం నయం. కరగడం తగ్గి వాగులు నెమ్మదిస్తాయి, కాకపోతే కనుమల మీద కొత్త మంచు పడే అవకాశం ఉంటుంది.