ఏటి అవతలి ఊరిని రాస్తున్న మీకు

హనుమకొండ

చిరంజీవికి,

మీ రాతప్రతి ముట్టింది. నాయనమ్మ బ్రిటిషువారి కల్దారు రూపాయలను కొంగున ఒక ముడిలో, నిజాం హాలీ సిక్కాలను ఇంకో ముడిలో కట్టుకొని, పడవెక్కి ఏటూరునాగారం వైపు సంతకు పోయేదని రాసిన చోట చాలాసేపు ఆగాను. ఆ పేజీలో అక్షరం మార్చకండి. నాకు కోపం తెప్పించింది తర్వాతి అధ్యాయం. నూగూరు తాలూకాలోని ఆ ఊరికి 1940లలో నిజాం అమీను వచ్చి శిస్తు వసూలు చేశాడట! అక్కడ నిజాం ఏలుబడే ఉంటే ఆమె కొంగుకు రెండు ముళ్లు ఎందుకు? గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న ఆ తాలూకాను నిజాం 1860లోనే బ్రిటిషువారికి అప్పగించాడు. అది సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, 1909లో మద్రాసు ప్రెసిడెన్సీకి మారి, 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి, 1959లో ఖమ్మం జిల్లాలోకి వచ్చి, 2016లో భూపాలపల్లికి, 2019లో ములుగుకు చేరింది.

తెలంగాణ పల్లె అనగానే గడీ, దొర, అమీను ఉండి తీరాలన్నది మన పత్రికలు పెట్టిన అలవాటు. ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న సిరోంచ రేవు మీద నేను రాసిన కథలో ఏలుబడుల వివరమంతా కొట్టేసి, కన్నీళ్లు పెంచమని ఒక సంపాదకుడు తిప్పి పంపాడు. నేను ఆ కథను మళ్లీ ఆయనకు ఇవ్వలేదు. జీతం కోతకు ఒప్పుకొని సెలవు పెట్టి, వరంగల్‌లో దొరకని కాగితాల కోసం పాత గోదావరి జిల్లా కేంద్రమైన కాకినాడ దాకా పోయి, రికార్డు గది బయటి బల్ల మీద నిద్రపోయినవాణ్ణి నేను. ఊరు ఏ కచేరీ కింద ఉండేదో తెలియనివాడికి దాని దస్త్రాలు ఎక్కడ వెతకాలో కూడా తెలియదు.

ఇక ఊరిని 'కాలం మింగింది' అన్నారు. మీ ఏడో పేజీ ప్రకారమే ఇళ్లను ముంచింది 1986 ఆగస్టు వరద; కాలాన్ని ఎందుకు నిందిస్తారు? జనం మెరకకు తరలినప్పుడు ముందు లేచింది కోయగూడెమా, కోమట్ల వీధా? కొత్త ఇళ్ల జాగాలు ఎవరికి దక్కాయి, ఎవరికి దక్కలేదు? గిరిజనేతరులకు భూమి చేతులు మారరాదన్న 1/70 చట్టం నడిచే ఏజెన్సీ (గిరిజన ప్రాంతం)లో, నీళ్లు తీశాక ఆ పాత చేలను ఎవరు దున్నుకున్నారు? ఇవేవీ లేకుండా మీరు మూడు పేజీలు వెన్నెలను వర్ణించారు (ఆ వెన్నెల ఏ జిల్లాదైనా కావచ్చు).

ముందుమాట ఎవరితో రాయించాలన్న మాట తర్వాత. మొదట వెంకటాపురం తహసీల్దారు కచేరీకి పోయి పాత పహాణీలు (భూమి, సాగు లెక్కలు) అడగండి, ఆ తర్వాత కాకినాడ. దారిఖర్చులకు ఇబ్బందైతే మొహమాటపడక రాయండి, పంపుతాను.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి