వెలిగొండ నీళ్లొస్తే మంద అమ్మేయాలా?

ప్రశ్న: మాది కనిగిరి పక్క పల్లె. 120 నెల్లూరు గొర్రెలు, రెండెకరాల మెట్ట ఉన్నాయి. వెలిగొండ కాలవ వస్తే బీళ్లన్నీ మాగాణి అయిపోతాయి, మేత దొరకదు, ఇప్పుడే అమ్మేద్దామంటాడు మా అబ్బాయి. ఏం చేయమంటారు డాక్టరు గారూ?

జవాబు: తొందరపడకండి. 1996లో ఈ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగినప్పుడు మీ వైపే ఒక కాపరి ఇదే మాట విని మంద అమ్ముకున్నాడు. రెండేళ్లు చూసి, మళ్లీ పిల్లల్ని కొన్నాడు. ఇప్పుడు ఆయన మనవడు తోలుకెళుతున్నాడు.

నల్లమల కింద ఒక్కోటీ 18.8 కిలోమీటర్ల జంట సొరంగాలు. వాటి గుండా శ్రీశైలం జలాశయం నుంచి వరద రోజుల్లో తీసుకునేది 43.5 టి.ఎం.సి.లు. అవి ఉమ్మడి ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాలు కలిపి 4.47 లక్షల ఎకరాలకు, తాగడానికి కూడా. అంటే టి.ఎం.సి.కి పదివేల ఎకరాల పైమాటే. వరికి ఆ నీళ్లేం సరిపోతాయి? ఆరుతడి పైర్లే. జొన్న, కంది కోసిన చేలో మీ మందకు మేత ఉంటుంది, రాత్రిపూట చేలో మంద ఆపితే ఎరువుకు డబ్బులూ వస్తాయి.

భయపడాల్సింది వేరే ఉంది. మన గొర్రెకు ఎండ అలవాటు, తడి అలవాటు లేదు. కాలవ గట్ల మీద నత్తలు చేరతాయి, వాటి వల్ల ఆ అంచు గడ్డి తిన్న గొర్రె కార్జంలోకి జలగలు వెళతాయి. దవడ కింద నీళ్ల సంచిలా వాపు వచ్చేదాకా ఆగొద్దు. కనురెప్ప తిప్పి చూడండి, ఎర్రగా ఉండాల్సింది పాలిపోయి ఉంటే పేడ పరీక్షకు తీసుకెళ్లండి. గిట్టలు కుళ్లడం కూడా ఆ బురదలోనే. చిటుక రోగం టీకా మాత్రం ఎప్పటిలాగే తొలకరికి ముందే. లేత పచ్చిక మీద ఎగబడ్డ గొర్రె సాయంత్రానికి ఉండదు.

కనిగిరి బోరు నీళ్లలోని ఫ్లోరైడుతో నడుములు వంగిపోయినవాళ్లను ఏళ్ల తరబడి చూశాను. కాబట్టి వెలిగొండ నీళ్లు రావాలనే నా కోరిక. కానీ నీళ్లు రాకముందే ఎకరం రేటు పెరుగుతుంది, మందలు నడిచే డొంకలోకి కంచెలు జరుగుతాయి. మేత పోరంబోకు ఎంతుందో, డొంక వెడల్పెంతో మీ అబ్బాయిని సర్వేయరు దగ్గరకెళ్లి రాయించుకు రమ్మనండి. అమ్మే సంగతి ఆ కాగితం చూసి మాట్లాడుకుందాం.