ఇనుప కెటిల్ నుంచి నీలిగీతల ప్లేట్ దాకా: మీరడిగిన ప్రశ్నలు

ఈసారి ఎక్కువమంది అడిగింది ఇనుప కెటిళ్ళ గురించే, అందుకే దానికే ఎక్కువ చోటు ఇస్తున్నా. మా డిజైన్ షాప్‌కి సరుకు ఎంచడానికి జపాన్‌కీ నార్డిక్ దేశాలకీ (డెన్మార్క్, స్వీడన్, ఫిన్లాండ్ వైపు) వెళ్ళొచ్చేది నేనే కాబట్టి, అక్కడ చూసినవీ పనివాళ్ళని అడిగి తెలుసుకున్నవీ చెప్తాను.

ప్రశ్న: జపాన్ ఇనుప టీపాట్ అని ఆన్‌లైన్‌లో కొన్నానండీ. లోపల నల్లగా నున్నగా మెరుస్తుంది. స్టవ్ మీద పెట్టి నీళ్ళు కాస్తుంటే కొన్నాళ్ళకే లోపల పెచ్చులు లేచాయి. నకిలీది అంటగట్టారా?

నకిలీ కాకపోవచ్చండీ, అసలది స్టవ్ మీద పెట్టే వస్తువే కాదు. ఇనుముతో పోతపోసేవి రెండు రకాలున్నాయి, పైనుంచి చూస్తే కవలపిల్లల్లా ఉంటాయి. ఒకటి క్యూసు, టీ ఆకు వేసి వేడినీళ్ళు పోసుకునే పాట్, లోపల ఎనామిల్ పూత ఉంటుంది, చిన్న స్టీల్ జల్లెడ కూడా వస్తుంది. రెండోది తెత్సుబిన్, నీళ్ళు కాచే కెటిల్, లోపల ఏ పూతా ఉండదు, బూడిద రంగు ఉత్త ఇనుమే. ఎనామిల్ అంటే గాజుపూతే కదా, కింద మంట తగిలితే ఇనుము ఒకలా అది ఒకలా సాగుతాయి, ఇంక పగలక ఏం చేస్తుంది. పెచ్చులు లేచింది కాబట్టి మీ పాట్‌ని ఇకమీదట టీకి వాడకండి.

అసలు తెత్సుబిన్ కావాలంటే చూడాల్సింది నాంబు తెక్కి, అంటే జపాన్‌లోని ఇవాతే ప్రిఫెక్చర్‌లో (మన రాష్ట్రం లాంటిది) మొరియోకా, ఒషూ ఊళ్ళ పని. మొరియోకాలో చేతితో చేసే పద్ధతి చూస్తే ధర ఎందుకంతో అర్థమైపోతుంది: ఇసుకా బంకమట్టీ కలిపి అచ్చు చేస్తారు, కెటిల్ మీద కనిపించే ఆ చిన్నచిన్న బుడిపెలన్నీ అచ్చు తడిగా ఉన్నప్పుడు లోపలివైపు పుల్లతో ఒక్కోటీ నొక్కినవే, వరస తప్పితే మొత్తం పాడే. పోత అయ్యాక కెటిల్‌ని బొగ్గుల మంటలో ఎర్రగా కాలుస్తారు, దాంతో ఇనుము మీద సన్నటి ఆక్సైడ్ పొర కడుతుంది, తుప్పుని ఆపేది ఆ పొరే. అందుకే లోపల పీచుతో, బ్రష్‌తో అస్సలు తోమొద్దు, తోమితే ఆ పొర పోతుంది.

వాడకం చెప్పాలంటే, సన్న మంట చాలు. మరిగిన నీళ్ళు మొత్తం ఒంపేసి మూత తీసి ఉంచితే ఆ వేడికే లోపల ఆరిపోతుంది, రాత్రంతా నీళ్ళు వదిలేయడమే దాన్ని పాడుచేసేది. కొన్నాళ్ళకి లోపల ఎర్రమచ్చలు వస్తాయి, నీళ్ళు తేటగా ఉన్నంతవరకు కంగారుపడొద్దు. నీళ్ళే ఎర్రగా వస్తుంటే వాడేసిన గ్రీన్ టీ ఆకు గుడ్డలో మూటకట్టి అందులోనే కాసేపు మరిగించండి, ఆకులోని టానిన్ ఇనుముతో కలిసి నల్లటి పొర వేస్తుంది, తుప్పు అక్కడితో ఆగుతుంది. నీళ్ళు నల్లబడతాయి, పారబోయండి అంతే.

ప్రశ్న: టోక్యోలో ఒకే షాప్‌లో మెరిసే లాకర్ (lacquer) పూత ఉన్న రెండు ఎర్ర బౌల్స్ చూశాను, ఒకటి 1,500 యెన్, ఇంకోటి 25,000 యెన్. నాకు తేడా తెలియలేదు. నిజంగా తేడా ఉందా లేక పేరుకే డబ్బులా?

ఉందండీ, చాలా ఉంది. అక్కడ లేబుల్ మీద రెండు విషయాలు రాస్తారు: లోపలి వస్తువు ఏంటి, పైపూత ఏంటి అని. చవకది చాలావరకు ప్లాస్టిక్ మీద యూరిథేన్ పెయింట్ అయ్యుంటుంది. ఖరీదుది చెక్క మీద ఉరుషి, అంటే చెట్టుపాలు. చదవడం రాకపోతే ఫోన్ కెమెరా అనువాదం పెట్టి ఈ రెండే చూడండి, లేదా షాప్‌వాళ్ళని అడగండి, దాచరు.

ఒక ఉరుషి చెట్టుని 10 నుంచి 15 ఏళ్ళు పెంచాలి, దాని బెరడు గీస్తే ఒక సీజన్ మొత్తానికి వచ్చేది సుమారు 200 మిల్లీలీటర్లు, ఆ తర్వాత సాధారణంగా చెట్టు కొట్టేస్తారు. జపాన్‌లో వాడే ఉరుషిలో ఎక్కువ భాగం చైనా నుంచే వస్తుంది, దేశంలో పండేదాంట్లో పెద్ద వాటా ఇవాతేలోని జోబోజిది. పైగా ఇది మామూలు పెయింట్ లాగా గాలికి ఎండేది కాదు, గట్టిపడాలంటే గాలిలో తేమ కావాలి, 70, 80 శాతం తేమ ఉన్న చెక్క బీరువాలో పెట్టి ఆరబెడతారు, ఒక పూత, సానబెట్టడం, మళ్ళీ పూత. ఇషికావా ప్రిఫెక్చర్‌లో వాజిమా పనైతే ఇలాంటి దశలు వందకి పైనే, పగిలే అంచుల మీద గుడ్డ అంటిస్తారు, అడుగుపూతల్లో అక్కడే దొరికే ఒక మట్టిని కాల్చి పొడిచేసి కలుపుతారు. పైకి కనిపించేది చివరి పూత మాత్రమే కాబట్టి మీకు తేడా తెలియకపోవడంలో తప్పేం లేదు, రోజూ చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది. సూప్ పొగలు కక్కుతున్నా బౌల్ బయట చెయ్యి కాలదు.

2024 జనవరి 1న నోతో భూకంపం వచ్చింది, వాజిమాలో ఉదయపు సంత జరిగే వీధి మంటల్లో కాలిపోయింది, చాలామంది పనివాళ్ళు వర్క్‌షాపులూ పనిముట్లూ పోగొట్టుకున్నారు. డబ్బు పెట్టగలిగితే వాజిమా పనివాళ్ళ దగ్గరే కొనండి అని మనస్ఫూర్తిగా చెప్తాను. మైక్రోవేవ్, డిష్‌వాషర్, నేరుగా పడే ఎండ, ఈ మూడింటికీ దూరంగా ఉంచితే చాలు, కొంచెం అరిగినా వాళ్ళే మళ్ళీ పూత వేసిస్తారు.

ప్రశ్న: కోపెన్‌హాగెన్ సంతలో నీలిగీతల రాయల్ కోపెన్‌హాగెన్ ప్లేట్లు చాలా చూశాం. ఏది ఎప్పటిదో, ఏది మంచిదో ఎలా తెలుసుకోవాలి?

ముందు వెనక్కి తిప్పండి! అడుగున మూడు అలల గీతలుంటాయి, డెన్మార్క్‌లోని మూడు జలసంధులకి గుర్తు, 1775లో కంపెనీ మొదలైనప్పటి నుంచీ వస్తున్నవి. ఆ అలల మీదుగా అడ్డంగా ఒక గీటు కనిపిస్తే అది ఫ్యాక్టరీవాళ్ళే సెకండ్ క్వాలిటీ అని పక్కనపెట్టిన ముక్క. రోజువారీ వాడకానికి నాకైతే ఆ సెకండ్సే ఇష్టం, లోపం వెతికినా కనబడదు చాలాసార్లు, ధర మాత్రం తగ్గాలి, తగ్గించమని ధైర్యంగా అడగండి. 1935 నుంచి ఇంకో గుర్తు కూడా ఉంది, స్టాంప్‌లో కంపెనీ పేరులోని ఏదో ఒక అక్షరం పైనో కిందో చిన్న గీత పెడతారు, ఏ అక్షరమో చూస్తే ఏ కాలందో చెప్పొచ్చు.

ఫిన్లాండ్ పింగాణీ కంపెనీ అరాబియా విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. హెల్సింకీ ఫ్యాక్టరీ 2016లో మూతపడింది, ఇప్పుడు వచ్చేవి వేరే దేశాల్లో తయారవుతున్నాయి. కొత్తవి నాసిరకం అనట్లేదు, కానీ ఫిన్లాండ్‌లోనే చేసింది కావాలంటే పాతవే వెతకాలి. పాతవాటిలో బంగారు అంచున్నవి మైక్రోవేవ్‌లో పెట్టొద్దు.

ప్రశ్న: జపాన్, స్కాండినేవియా స్టైల్స్ కలిపి జపాండీ అంటున్నారు కదా, జపాన్‌కీ స్కాండినేవియాకీ నిజంగా సంబంధం ఉందా, లేక మార్కెటింగ్ మాటేనా?

మాట మార్కెటింగ్‌దే, సంబంధం మాత్రం నిజం. 1925లో జపాన్ ఆలోచనాపరుడు యానాగి సోయెత్సు, కుమ్మరి కళాకారులు హమాదా షోజి, కావాయ్ కాంజిరోలతో కలిసి మామూలు జనం చేతిపనికి ‘మింగేయి’ (mingei) అనే పేరు పెట్టాడు, పేరు తెలియని పనివాళ్ళు రోజువారీ వాడకానికి చేసిన వస్తువుల్లోనే అందం ఉంది అన్నది వాళ్ళ వాదన, టోక్యోలో వాళ్ళ మ్యూజియం 1936లో తెరిచారు, ఇప్పటికీ ఉంది, తప్పక చూడండి. అటు ఫిన్లాండ్‌లో డిజైనర్ కాయ్ ఫ్రాంక్ 1953లో అరాబియాకి కిల్తా అనే పాత్రలు చేశాడు, పువ్వుల్లేవు, బంగారు అంచుల్లేవు, పెద్ద డిన్నర్ సెట్ కొనక్కర్లేదు, కావాల్సిన ముక్క కావాల్సిన రంగులో కొనుక్కోవచ్చు. అతను 1956లో జపాన్ వెళ్ళొచ్చాడు, తర్వాత వస్తువుల మీద డిజైనర్ పేరు వేయొద్దని గట్టిగా వాదించాడు. వీళ్ళ ఆలోచన ఒకటే, దారి వేరు: యానాగికి చేతిపని ముఖ్యం, ఫ్రాంక్‌ది ఫ్యాక్టరీ. ఆ కిల్తానే కొన్ని మార్పులతో 1981లో టీమా అనే పేరుతో తెచ్చారు.

నాకు బాధేసేది ఏంటంటే ఈ పేరు చెప్పి అన్నిట్నీ గోధుమరంగు చేసేస్తున్నారు. ఒకినావా మట్టిపాత్రల మీద చేపలు, రొయ్యలు ఎంత హుషారుగా ఈదుతుంటాయో చూడండి, 1964లో ఫిన్లాండ్ గుడ్డల కంపెనీ మారిమెక్కోకి మైయా ఇసోలా వేసిన ఆ పెద్ద గసగసాల పువ్వులు చూడండి, స్టాక్‌హోమ్‌లో స్వెన్స్క్ట్ టెన్ షాప్‌కి యోసెఫ్ ఫ్రాంక్ వేసిన గుడ్డల మీద అసలు ఖాళీ అనేదే ఉండదు. ఇవన్నీ కూడా జపాన్, నార్డిక్ దేశాలవే కదండీ.

ప్రశ్న: ల్యాప్‌లాండ్‌లో చెక్క కప్పు, కుక్సా, కొనాలని ఉంది. ఏది అసలుది?

ల్యాప్‌లాండ్ ఆదివాసులైన సామీ ప్రజల పని కావాలంటే దాని మీద సామీ దువోజి (సామీ చేతిపని) గుర్తు అడగండి. మంచివి బర్చ్ చెట్టు కణితి నుంచి చెక్కుతారు, అక్కడ చెక్క నార మెలికలు తిరిగి ఉంటుంది కాబట్టి తేలిగ్గా చీలదు. అన్నీ ఒకే అచ్చులో దిగినట్టు వరసగా ఉంటే మెషిన్‌వి. సబ్బు, డిష్‌వాషర్ వద్దు.

ప్రశ్న: పగిలిన కప్పుని బంగారు రంగు అతుకులతో అతికించే జపాన్ పద్ధతి, కింట్సుగి, దాని కిట్ తెప్పించాను, అతికాక అందులో టీ తాగొచ్చా?

కిట్‌లో ఏముందో చూడండి. ఎపాక్సీ జిగురూ బంగారు రంగు పొడీ ఉంటే షెల్ఫ్‌లో పెట్టుకోవడానికే, తాగొద్దు. అసలు పద్ధతిలో ఉరుషినీ గోధుమపిండినీ కలిపి అతికిస్తారు, పూర్తవడానికి వారాలు, నెలలు పడుతుంది, ఆరని ఉరుషి చర్మానికి తగిలితే దద్దుర్లు వస్తాయి కాబట్టి గ్లోవ్స్ లేకుండా ముట్టుకోవద్దు.

ప్రశ్న: ఇద్దరం వెళ్దామనుకుంటున్నాం, వర్క్‌షాపులు చూడాలంటే ఏ నెల మంచిది?

జపాన్‌కి ఏప్రిల్ చివర, మే మొదట్లో, అక్కడి గోల్డెన్ వీక్ సెలవుల్లో. అరితాలో కుండల సంత ఏప్రిల్ 29 నుంచి మే 5 వరకు, మషికోలో కూడా ఆ సెలవుల్లోనే, నవంబర్ మొదట్లో ఇంకోసారి ఉంటుంది. రద్దీ ఇష్టం లేకపోతే ఆ సెలవులు అయ్యాక క్యూషూ దీవిలో ఒంతా ఊరికి వెళ్ళండి. అక్కడ మట్టిని ఇప్పటికీ వాగు నీళ్ళతో నడిచే చెక్క రోకళ్ళే దంచుతాయి, ఊరంతా ఆ చప్పుడే, కుమ్మరి పని చేసే ఇళ్ళు పదిలోపే. స్వీడన్‌కి మాత్రం జులైలో వద్దు, చాలా వర్క్‌షాపులు సెలవులకి మూసేస్తారు, జూన్ మొదట్లోనో ఆగస్టు చివర్లోనో వెళ్ళండి.

డబ్బు సంగతి కూడా చెప్పేస్తా. స్వీడన్‌లో కార్డ్ ఒక్కటి ఉంటే దాదాపు అన్నిచోట్లా నడుస్తుంది, జపాన్‌లో చిన్న బట్టీల దగ్గర నోట్లే అడుగుతారు. జపాన్ 10 శాతం కన్సంప్షన్ టాక్స్ (అమ్మకం పన్ను) 2026 అక్టోబర్ దాకా లైసెన్స్ ఉన్న షాపులో, ఒకేరోజు 5,000 యెన్ లేదా అంతకు పైన కొంటే, పాస్‌పోర్ట్ చూపించగానే తీసేసే పద్ధతి. 2026 నవంబర్ 1 నుంచి ముందు టాక్స్‌తో కట్టి, వెళ్ళేటప్పుడు ఎయిర్‌పోర్ట్ కస్టమ్స్‌లో చూపించాకే వాపస్ తీసుకోవాలి, కాబట్టి కప్పులూ ప్లేట్లూ చెక్-ఇన్ పెట్టెలో సర్దేసే ముందే ఆ పని చూసుకోండి.