'త్వరగా' అంటే ఎంత త్వరగా?

ప్రశ్న: ఎం.కాం. చదివి, మూడేళ్లు టాలీ మీద పనిచేసి, ఈమధ్యే బిజినెస్ అనలిస్టుగా (కస్టమరుకు ఏం కావాలో తెలుసుకుని డెవలపర్లకు రాసిచ్చే పనిలో) చేరాను. మొదటి ప్రాజెక్టు ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీది. 'గేట్‌పాస్ త్వరగా రావాలి, బ్యాంకు లోను ఉన్న సరుకు పొరపాటున కూడా బయటికి పోకూడదు' అన్నారు ఓనరుగారు. అదే నీటుగా రాసిస్తే 'ఇందులో మేం తయారుచేయాల్సింది ఏదండీ?' అంటూ డెవలపర్లు తిప్పి పంపారు. ఎక్కడ తప్పాను మేడమ్?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: తప్పేం లేదమ్మా, సగంలో ఆగారు. ఓనరుగారు తనకేం కావాలో చెప్పారు. దానికి సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో చెప్పడం ఆయన పని కాదు. నేనూ కొత్తలో 'స్క్రీను సులువుగా ఉండాలి' అని రాసి, 'ఎన్ని కేజీల సులువు మేడమ్?' అనిపించుకున్నదాన్నే.

ఓనరు గదిలోంచి లేచి గుమస్తా పక్కన ఒక పూట కూర్చోండి. రైతు బాండు (సరుకు దాచినట్టు కోల్డ్ స్టోరేజీ ఇచ్చిన రసీదు) ఇస్తాడు. గుమస్తా రిజిస్టరు తిప్పి, లోను ఉన్నట్టు ఎక్కడైనా రాసి ఉందా అని వేలు పెట్టి చూస్తాడు. ఆ వేలు ఆగే చోటే మీకు కావాల్సింది. అక్కడ అడగండి: 100 టిక్కీలు (మిర్చి బస్తాలు) పెట్టిన రైతు 30 మాత్రమే తీసుకెళ్తానంటే? బాండు పోగొట్టుకుని వస్తే? బ్యాంకు మేనేజరు ఫోన్లో సరేనంటే సరుకు వదులుతారా? దీనికి గుమస్తా నీళ్లు నమిలితే, ఆ సంగతి ఇంకా తేలలేదన్నమాట. మీరు తేల్చేయకండి, ఓనరుగారితోనే తేల్పించండి.

అప్పుడు రాయండి: 'లోనులో ఉన్న టిక్కీలకు బ్యాంకు విడుదల లెటరు నంబరు, తేదీ, విడుదలైన సంఖ్య ఎక్కించనిదే గేట్‌పాస్ ప్రింటు కాకూడదు. ఎక్కువ అడిగితే ఆపి, ఎన్ని ఇవ్వొచ్చో చూపాలి.' కిందనే ఒక లెక్క వేయండి: 100లో 60 మీద లోనుంటే, లెటరు లేకుండా 40 పోవాలి, 41 అడిగితే ఆగాలి. టెస్టింగువాళ్లు ఇక మీకు ఫోన్ చేయరు.

'త్వరగా' సంగతికి వాచీ చూసుకోండి. రిజిస్టరు వెతకడానికి ఎంత పడుతోంది, హమాలీలు చాంబరులోంచి బస్తాలు దించడానికి ఎంత? రెండోది సాఫ్ట్‌వేర్ చేతిలో లేదు. మొదటిదానికి 'బాండు నంబరు కొట్టిన 3 సెకన్లలో లాటు (ఆ బాండు కింద ఉన్న సరుకు) వివరాలు రావాలి' లాంటి మాట రాసి, ఆ అంకెకు ఓనరుగారి చేత సరే అనిపించుకోండి.

అన్నట్టు, ఇప్పటికే చాంబర్లలో ఉన్న సరుకు లోను వివరాలు కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎవరు ఎక్కిస్తారో అడిగారా? ఆ గుమస్తా ఒక్కడే అయితే, సీజను మొదలవకముందే కూర్చోబెట్టాలి.